నిజాముద్దీన్ బస్తీలో జీర్ణోద్ధరణము

ఢిల్లీలో కాపురముండు తెలుగువారికి నిజాముద్దీన్ అనగానే ముందుగా జ్ఞప్తికి వచ్చునది రైలు స్టేషను. దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ దిగి, ఊరగాయ జాడీలు పగులకుండ కూలీని హెచ్చరించుచు, ఆటోవానితో బేరమాడి, సర్కారు క్వార్టర్ల దారి పట్టుదుము. ఆ స్టేషనుకు పడమటగా, మథురా రోడ్డు దాటిన పిమ్మట, ఇఱుకు సందులతోను అత్తరు దుకాణములతోను కబాబుల పొగతోను నిండిన ఒక పేట కలదు. అదియే హజ్రత్ నిజాముద్దీన్ బస్తీ. 1325లో పరమపదించిన సూఫీ మహనీయుడు నిజాముద్దీన్ ఔలియా సమాధియు, అదే సంవత్సరమున గురువును వెన్నంటి పోయిన కవి అమీర్ ఖుస్రో సమాధియు అచ్చటనే ఉన్నవి. మీర్జా గాలిబ్ మహాకవియు 1869లో అచ్చటనే శాశ్వతనిద్ర పొందెను. ఏడు శతాబ్దములుగా జనసంచారము తెగని పేటను ఢిల్లీలో ఇంకొకదానిని చూపుట కష్టము.

ఈ బస్తీయందును, దానికి ఎదురుగా నున్న హుమాయూన్ సమాధి పరిసరములందును 1997 మొదలుకొని సాగిన జీర్ణోద్ధరణ కార్యము మన కాలపు చరిత్రలో చెప్పుకొనదగినది. దానిని నడపినది ఒక ధర్మసంస్థ. ఆగాఖాన్ అను పేరు మనవారికి కొత్త కాదు. 1942లో గాంధీ మహాత్ముని, కస్తూరిబాను నిర్బంధించిన పూనా భవనము ఆ కుటుంబమువారిదే. కస్తూరిబా 1944లో అచ్చటనే కన్నుమూసినది. ఆ భవనమును 1969లో నాలుగవ ఆగాఖాన్ జాతికి దానము చేసిరి. 1957 నుండి 2025 ఫిబ్రవరిలో దివంగతులగువరకు ఇస్మాయిలీ శాఖకు పెద్దగా నుండిన ఆయన వాస్తుకళపై మక్కువ గలవారు. 1977లో ఆ కళకొక పురస్కారమును, 1988లో ఆగాఖాన్ సంస్కృతి ట్రస్టును నెలకొల్పిరి. భారత స్వాతంత్ర్య స్వర్ణోత్సవమునకు కానుకగా హుమాయూన్ సమాధి తోటను బాగుచేయించి యిచ్చుటకు 1997లో ముందుకు వచ్చిరి.

తోట యనగా పూలమొక్కలు నాటుట యనుకొనరాదు. చదరముగా నున్న ఆ స్థలమును కాలువలు నాలుగు భాగములుగా చీల్చును. స్వర్గమున నాలుగు నదులు పారునను భావన దానికి మూలము. ఆ కాలువలు పూడి, ఎండి, చిత్రములో గీచిన గీతలవలె మిగిలియుండెను. సుమారు మూడు కిలోమీటర్ల పొడవున రాతి అంచులను చేతితో చెక్కి, పంపుల సాయము లేకయే నీరు తనంతట పారునట్లు వాలు కుదిర్చి, పాతబావులను పూడిక తీసి, 2003లో తోటను సర్కారునకు అప్పగించిరి. ప్రపంచ వారసత్వ జాబితాలోని భారతీయ కట్టడమును ప్రైవేటు ధనముతో బాగుచేయుట అదియే మొదటిసారి.

పని ముగిసినదని వారు వెళ్లిపోయియుండవచ్చును. పోలేదు. 2007 జూలైలో మరియొక ఒడంబడిక జరిగినది. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ, కేంద్ర ప్రజాపనుల శాఖ, ఢిల్లీ నగరపాలక సంస్థ ఒకవైపు, ఆగాఖాన్ సంస్థలు మరియొకవైపు నిలిచి, సమాధి, బస్తీ, వాని ప్రక్కనున్న సుందర్ నర్సరీ అను మూడింటిని ఒకే పనిగా చేపట్టవలెనని నిర్ణయించుకొనినవి. మూడు సర్కారు శాఖలు ఒక కాగితముమీద సంతకములు చేయుట ఎంతటి పనియో ఈ సంచిక చదువువారికి నేను వివరింపనక్కఱలేదు. ఆ కాగితము ఫైలులో పడి నిద్రపోకుండుట అంతకంటె వింత.

మరమ్మతు ఆరంభించినప్పుడు తేలిన మొదటి సంగతి యేమనగా, ఆ కట్టడములకు కాలము చేసిన కీడుకంటె పాత మరమ్మతులు చేసిన కీడే మిక్కుటము. ఇరువదవ శతాబ్దమున వాన కురిసి కారిన చోటనెల్ల సిమెంటు కాంక్రీటు పోయుట పరిపాటి అయ్యెను. మరల కారగా మరియొక పొర. హుమాయూన్ సమాధి పైకప్పుమీద ఇట్లు పేరుకొన్న కాంక్రీటును, కట్టడమునకు అదురు తగులకుండ చేతి పనిముట్లతో తొలగింపగా, దాని బరువు పది లక్షల కిలోలకు మించినది. ఇంత బరువును నెత్తిన మోయుచు ఆ గుమ్మటము నిలిచియుండుట మొగలు కాలపు మేస్త్రీల గొప్ప. క్రింది జగతిపై పరచిన పెద్ద రాతిపలకలు, ఒక్కొక్కటి వేయి కిలోలకు పైబడినవి, అవియు కాంక్రీటుక్రింద కప్పబడి కనుమరుగైనవి. వానిని వెలికితీసి మనుష్యబలముతోనే ఎత్తి సరిపరచిరి.

సిమెంటు బలమైనదే కదా, దోషమేమి యని అడుగవచ్చును. రాయియు సున్నమును చెమ్మను లోనికి పీల్చుకొని ఎండ కాయగానే వెలికి విడుచును. సిమెంటు అట్లు విడువనీయదు. లోన చిక్కిన చెమ్మ ఉప్పును కరగించి, ఆ ఉప్పు గడ్డకట్టినప్పుడు రాతి ముఖమును పెచ్చులు పెచ్చులుగా ఊడగొట్టును. సున్నమట్లు కాదు. కాల్చిన సున్నపురాయిని నీటితో విరిచి, దినములు వారములు నాననిచ్చి, ఇసుకతోనో ఇటుకపొడితోనో నూరి వాడినచో, గాలిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చి మెల్లమెల్లగా మరల రాయి యగును. మన పల్లెలలో వలయాకారపు గాడిలో ఎద్దులచే రాతిచక్రమును త్రిప్పించి నూరిన గానుగసున్నము ఇదియే. తాతల నాటి మండువా ఇండ్లు కట్టిన మేస్త్రీలు అందులో బెల్లపునీరు, కరక్కాయనీరు కలిపెడివారు. ఢిల్లీలో బెల్లముతోపాటు మారేడు గుజ్జును కలుపు ఆచారము కలదు. హుమాయూన్ సమాధియొద్ద ఆ పద్ధతినే మరల చేపట్టిరి. పుస్తకములలో దొరకని పాళ్లు వృద్ధులైన మేస్త్రీల చేతులలో దొరకినవి.

హుమాయూన్ సమాధి పనికి మాత్రమే చేతిపనివారు సుమారు రెండు లక్షల పనిదినములు వినియోగించిరి. రాతిపనివారు, సున్నపు మేస్త్రీలు, వడ్రంగులు, పలకలు కాల్చువారు ఇందులో నున్నారు. తాతముత్తాతల నుండి ఉలి పట్టినవారు నగరములలో పాలరాతి నేలలు పరచు పనిలోను, బండి తోలు పనిలోను కలిసిపోవుచున్న కాలమది. చేతిపని చచ్చుట ఒక్కనాట జరుగదు. కొడుకునకు నేర్పుటవలన లాభము లేదని తండ్రి తలచిననాడు జరుగును. తండ్రికి ఎడతెగని పని చూపుటే దానికి మందు. కార్యాలయములలో టెండరు కాగితములు చూచినవారికి ఒక చిక్కు తెలియును: చదరపు గజమునకు తక్కువ ధర వేసినవానికి పని పోవును, మంచి ఉలిదెబ్బకు ధర కట్టు గడి ఏ ఫారములోను లేదు. పనివానిని నేరుగా కూలికి పెట్టి, పని కుదరకున్న విప్పి మరల చేయించు స్వేచ్ఛ ఈ ట్రస్టునకు ఉండెను. మన నియమములు దొంగతనమును అరికట్టుటకు పుట్టినవి కనుక వానిని నిందింపను. కాని దొంగ చిక్కని చోట మేస్త్రీయు చిక్కకుండ పోవుచున్నాడని మాత్రము ఒప్పుకొనక తప్పదు.

గాజుపూత పలకల సంగతి ఇంకను విచిత్రము. సమాధి పైకప్పుమీది ఛత్రీలకు పూర్వము నీలము, ఆకుపచ్చ మొదలగు రంగుల పలకలు తాపియుండెడివి, చాలవరకు రాలిపోయినవి. ఆ పలకలు చేయు విద్య ఢిల్లీ పరిసరములలో అంతరించెను. ఉజ్బెకిస్తాను నుండి నిపుణులను రప్పించి, బస్తీలోని యువకులకు ఆ పని నేర్పించిరి. మన్ను, పూత, మంట మూడును కుదిరి పాత పలకకు సరితూగు పలక వచ్చుటకు కొన్ని సంవత్సరముల ప్రయోగము పట్టినది. బాబరు వంశమువారు ఏ దేశమునుండి వచ్చిరో ఆ దేశమునుండియే విద్య నాలుగువందల యేండ్ల తరువాత రెండవసారి వచ్చినదన్నమాట.

కొందరు పండితులు దీనిని ఆక్షేపించిరి. రాలిన చోట క్రొత్త పలక తాపినచో అది చరిత్ర కాదనియు, శిథిలమును శిథిలముగనే కాపాడవలెననియు వారి వాదము. ఆ వాదము పాశ్చాత్య దేశములలో బలముగా నాటుకొన్నది. దానిలో నిజాయితీ కలదు. కాని మన దేవాలయముల విషయమున జీర్ణోద్ధరణమను మాటకు వేరొక అర్థము కలదు. గోపురము బీటలువారినచో శిల్పి వచ్చి బాగుచేయును. విమానముపై కలశము వంగినచో క్రొత్తది పోతపోయించి కుంభాభిషేకము చేయుదురు. కట్టడము బ్రతికియున్నదని తలచినవారు చేయు పని యది. ఉన్న పాత పలకను ఒక్కటియు తీయక, పోయిన చోటనే క్రొత్తది తాపినంతవరకు, నాకు రెండవ పక్షమే నచ్చినది.

కలశమనగా జ్ఞప్తికి వచ్చినది. 2014 మే నెలలో ఢిల్లీని కుదిపిన పెనుగాలికి హుమాయూన్ సమాధి గుమ్మటముమీది కలశము విరిగి క్రింద పడెను. చూడగా అది సాలకాష్ఠముపై రాగిపాత్రలను ఒకదానిపై ఒకటి కూర్చి, పైన బంగారుపూత పూసినదని తెలిసినది. 2016లో అదే విధముగా రాగిపాత్రలు కొట్టించి, టైటన్ కంపెనీ సాయముతో బంగారము పూయించి మరల నిలిపిరి. ఇంటి కప్పు ఎగిరిపోయినదని తెలిసినను కదలని మనము, ఆ దినములలో ఆ కలశము కొఱకు విచారించితిమి.

ఇంతవరకు చెప్పినది రాతి కథ. ఈ కార్యములో కష్టమైన భాగము రోడ్డుకు ఆవలివైపున, బస్తీలో నున్నది. 2008 జూలైలో వానలకు దర్గా ప్రక్కనున్న దిగుడుబావి గోడలో కొంత భాగము కూలినది. ఔలియా జీవితకాలముననే త్రవ్వబడిన ఆ బావిని గూర్చి ఒక గాథ కలదు. గియాసుద్దీన్ తుగ్లక్ తన కోటపనికి తప్ప పనివారు వేరుచోటికి పోరాదని ఆజ్ఞాపింపగా, వారు రాత్రులందు వచ్చి బావి త్రవ్విరట. దీపములకు నూనె అమ్మరాదని సుల్తాను మరల ఆజ్ఞాపింపగా, బావినీరే నూనెయై వెలిగినదట. గాథ నిజమైనను కాకున్నను, పనివారు ఎవరికి మనఃపూర్వకముగా పనిచేయుదురో అది చెప్పుచున్నది. కూలిన గోడను కట్టుటకు ముందు, బావి అంచునే ఇండ్లు కట్టుకొని బ్రతుకుచున్న కుటుంబములతో మాటలాడి, ఒప్పించి, వేరొకచోట నివాసములు చూపవలసివచ్చెను. పిదప ఏడువందల యేండ్ల పూడికను నేలమట్టమునుండి ఎనుబది అడుగుల లోతువరకు మనుష్యులే దిగి తీసిరి.

బావి త్రవ్వువాడు బడిని గూర్చి యేల ఆలోచింపవలెను? ట్రస్టువారు బస్తీలోని నగరపాలక ప్రాథమిక పాఠశాలను బాగుచేయించిరి. చికిత్సాలయమునకు రక్తపరీక్షల వసతి కల్పించిరి. మరుగుదొడ్లు, పార్కులు కట్టించిరి. కారణము స్పష్టమే. తన బిడ్డకు బడి లేనివానికి ప్రక్కనున్న సమాధి గోడ, పిడకలు కొట్టుకొనుటకు పనికివచ్చు గోడ మాత్రమే. స్త్రీలకు సాంఝీ పనిని, కుట్టుపనిని నేర్పి 'ఇన్షా-ఎ-నూర్' అను పేర ఒక సంఘముగా కూర్చిరి. సాంఝీ యనగా కాగితమును కత్తెరతో జాలివలె కత్తిరించు విద్య. వ్రజభూమిలో కృష్ణాలయముల ముంగిట రంగవల్లి వేయుటకు దానినే అచ్చుగా వాడుదురు. కృష్ణుని ముంగిటి ముగ్గు అచ్చును ముస్లిము యువతులు కత్తిరించి, హుమాయూన్ సమాధి జాలీల ఆకారములుగా మార్చి అమ్ముచున్నారు. 2012లో మరికొందరు స్త్రీలు 'జాయికా-ఎ-నిజాముద్దీన్' అను పేర వంటశాల పెట్టి బస్తీ ఇండ్ల వంటకములను నగరమునకు అందింపసాగిరి. ఇంటినుండి వెలికి రాని స్త్రీ చేతికి నెలసరి డబ్బు వచ్చినప్పుడు ఇంటిలో ఆమె మాటకు బరువు పెరుగుట ఏ దేశముననైనను ఒకటే.

సుందర్ నర్సరీని గూర్చి ఎక్కువ వ్రాయను. మన పిల్లలందరు చూచినదే. కొత్త ఢిల్లీ వీథులకు చెట్లు పెంచుటకు ఏర్పడిన నర్సరీ అది. తొంబది ఎకరముల ఆ స్థలమును, అందలి సమాధులను బాగుచేసిన పిమ్మట 2018 ఫిబ్రవరిలో ప్రజలకు తెరచినవారు అప్పటి ఉపరాష్ట్రపతి శ్రీ ముప్పవరపు వెంకయ్యనాయుడుగారు. ఆదివారము పులిహోర డబ్బాతో అచ్చటికి పోవు కుటుంబములలో మనవారి సంఖ్య తక్కువ కాదు. ఇదే ట్రస్టు 2013 జనవరిలో ఒడంబడిక చేసికొని, గోలకొండయొద్ద కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణములో వందకు పైగా కట్టడములను బాగుచేసినది. 2024 జూలైలో ఆ పని పూర్తియైనది. అచ్చటను సిమెంటును ఒలిచి సున్నము పూయుటయే ముఖ్యమైన పని.

తెలుగువారికి బస్తీతో గల సంబంధము గోలకొండకంటె పురాతనమైనది. దానిని చెప్పుటకే ఇంత దూరము వచ్చితిని.

దర్గాకు సమీపముననే కోట్ అను భాగమున ఇండ్ల నడుమ ఇఱుకుకొని ఒక గుమ్మటము కలదు. అది ఖాన్-ఇ-జహాన్ మక్బూల్ తిలంగానీ సమాధి. తిలంగానీ యనగా తెలంగాణమువాడు. ఫిరోజ్ షా తుగ్లక్ చరిత్ర వ్రాసిన షమ్స్ సిరాజ్ అఫీఫ్ ఈతని కథను విపులముగా చెప్పెను. ఈతడు మొదట హిందువు; తెలంగాణ ప్రభువునొద్ద గొప్ప పదవిలో నుండినవాడు. 1323లో ఓరుగల్లు పడి ప్రతాపరుద్రుడు బందీయై ఢిల్లీ త్రోవలో మరణించిన పిమ్మట, ఈతడు మతము మార్చుకొని మక్బూల్ అను పేరు పొందెను. అఫీఫ్ వ్రాసిన పూర్వనామమును 'కన్ను' అని చదువుదురు. ప్రాచీన పారసీక వ్రాతప్రతులలో క, గ అక్షరములకు భేదము తరచుగా చూపరు. కనుక అది 'గన్న' అనియు, మారన తన మార్కండేయ పురాణమును అంకితమిచ్చిన కాకతీయ సేనాని గన్నయయే ఈతడనియు మన చరిత్రకారులలో పలువురి అభిప్రాయము. ఈతడు చదువను వ్రాయను ఎఱుగడని అఫీఫ్ అనుచున్నాడు. పారసీకమును ఎఱుగడని దాని భావమై యుండును. ఒక పురాణమునకు కృతిభర్త యైనవాడు నిరక్షరుడని నమ్ముట కష్టము.

ఓరుగల్లుకు సుల్తాను పక్షమున అధికారియై తిరిగివచ్చిన మక్బూలును 1336 ప్రాంతమున ముసునూరి కాపయనాయకుడు వెడలగొట్టెను. మన చరిత్రపుస్తకములలో ఆతని కథ అచ్చట ముగియును. ఢిల్లీలో అప్పుడే మొదలైనది. 1351లో ఫిరోజ్ షా సింహాసనమెక్కినప్పుడు ఈతడు ప్రధానమంత్రి యయ్యెను. సుల్తాను వంగదేశముపైకి, సింధుపైకి దండెత్తి పోయినప్పుడెల్ల రాజధాని ఈతని చేతిలోనే ఉండెను. సింధు దండయాత్రలో సైన్యము కచ్ఛపు ఉప్పుబయళ్లలో దారితప్పి ఆరు నెలలు వార్త తెలియకున్నప్పుడు, ఈతడు సుల్తాను క్షేమమని ఒక దొంగలేఖ సృష్టించి, భేరీలు మ్రోగించి, నగరమున అలజడి పుట్టకుండ కాపాడెను. లెక్కల విషయమున సర్వాధికారి ఐనుల్‌ముల్కుతో ఈతనికి పడెడిది కాదు. చివరకు సుల్తాను ఆ లెక్కలాయనను ముల్తానునకు బదిలీ చేసి తగవు తీర్చెను. ఆర్థికశాఖ, ఆడిట్ శాఖల సంబంధములు ఆరువందల యేండ్లలో ఏమంత మారలేదని దీనివలన తెలియుచున్నది. ఢిల్లీకి నిజమైన ప్రభువు ఖాన్-ఇ-జహానే అని సుల్తాను స్వయముగా అనెడివాడట. పరాయి భాషతో, పరాయి మతముతో, ఓడిన దేశమునుండి వచ్చి ఈ నగరమున అంతటి పదవి నేలిన తెలుగువాడు అప్పటికి మరియొకడు లేడు. ఆతని మత పరివర్తనమును గూర్చి ఎవరి తలంపు వారిది. నేను తీర్పు చెప్పను.

ఈతడు 1368-69లో మరణింపగా, తరువాత మంత్రియైన కుమారుడు జూనాన్ షా ఈ సమాధిని కట్టించెను. బస్తీలోని కాలీ మసీదు కూడ 1370-71లో ఆతడు కట్టించినదే. అంతవరకు ఢిల్లీ సమాధులు చాలవరకు చదరపు గదులు. తిలంగానీ సమాధి ఎనిమిది మూలలది: నడుమ గుమ్మటపు గది, చుట్టును వసారా, ప్రతి ముఖమునను మూడేసి కమానులు. జెరూసలేములోని శిలాగుమ్మటము దీనికి ఒరవడి యని వాస్తుచరిత్రకారులు ఊహించుదురు. ఢిల్లీలో ఆ ఆకారమున కట్టిన మొదటి సమాధి ఇదియే. తరువాత సయ్యదు వంశపు ముబారక్ షా సమాధి 1434లో అట్లే కట్టబడినది. కోట్లా ముబారక్‌పూర్ బజారులో కూరగాయలు బేరమాడునప్పుడు మనకు కనబడు గుమ్మటమదే. లోదీ తోటలోని ముహమ్మద్ షా సమాధియు, సికందర్ లోదీ సమాధియు, ససారాములో షేర్ షా సమాధియు ఆ వంశమునకు చెందినవే. హుమాయూన్ సమాధి ద్వారమునొద్ద 1547-48లో కట్టిన ఈసా ఖాన్ సమాధియు అట్టిదే.

ఈసా ఖాన్ ఆవరణను ట్రస్టువారు అందముగా బాగుచేసిరి. పేరుకొన్న మన్నును తీసి, పల్లపు తోటను పూర్వపు మట్టమునకు తెచ్చిరి. ఆ ఆవరణలో ఇరువదవ శతాబ్దారంభమువరకు ఒక ఊరే యుండెడిది. దానిని తొలగించిన తరువాతనే కట్టడము పర్యాటకులకు కనబడినది. లోదీ తోట కథయు ఇట్టిదే. ఖైర్‌పూర్ అను గ్రామమును ఎత్తివేసి, 1936లో వైస్రాయి భార్య లేడీ విల్లింగ్డన్ పేర ఆ తోటను తెరచిరి. ప్రాతఃకాలమున నడకకు పోవు మనకు ఆ గ్రామస్థులెవరో, ఎచ్చటికి పోయిరో తెలియదు.

వంశమునకు మూలపురుషుడైన తిలంగానీ సమాధి మాత్రము ఈ బాగుపడిన కట్టడముల వరుసలో చేరలేదు. తరతరములుగా కుటుంబములు దాని వసారా కమానులకు గోడలు కట్టుకొని, లోపల కాపురములు చేసికొనుచు వచ్చినవి. దీనిపై మన సమావేశములలో రెండు మాటలు వినుచుందును. ఇండ్లను వెంటనే తొలగించి మన తెలుగు మంత్రి సమాధిని కాపాడవలెనని కొందరందురు. బీదల కొంపలు కూల్చి రాళ్లను పూజించుట యేమి న్యాయమని మరికొందరందురు. మొదటివారు 1936 పద్ధతిని అడుగుచున్నారు. రెండవవారు కమానుకు మేకు కొట్టిన గోడ వానకు ఎప్పుడు ఎవరి మీద పడునో చూడరు. దిగుడుబావియొద్ద నడచిన త్రోవ ఈ రెండింటికంటె భిన్నమైనది, నెమ్మదియైనది: ముందు బడి, చికిత్స, నమ్మకము, పిదప వేరొక ఇల్లు, ఆ పిదప సున్నము, ఉలి. అచ్చట ఒప్పించవలసిన కుటుంబములు కొలదిమంది. ఇచ్చట సంఖ్య పెద్దది, నేల ఖరీదు పెద్దది, దర్గాకు దగ్గరగా నుండుటచే సంపాదన మార్గములును పెద్దవి. ఎంతటి ధర్మసంస్థయైనను ఒంటరిగా చేయగల పని కాదు; ఇల్లు చూపవలసినది సర్కారు, అనగా మనమే.

గోలకొండలో సున్నపు పని నేర్చినవారు ఇప్పుడు తెలుగునేలనే ఉన్నారు. బస్తీలో పలకలు కాల్చు యువకులు ఉన్నారు. ఢిల్లీలోని తెలుగు సంఘములు ప్రతి ఏట ఉగాదికి ఒక సభ, ఒక నాటకము జరుపుచున్నవి. వానిలో ఒక్కటియైనను ఆ కుటుంబముల పెద్దలతోను, బస్తీలో పనిచేయు ట్రస్టువారితోను కూర్చుండి మాటలాడినట్లు నేను వినలేదు. సమాధి యజమానుని మాతృభాష మాటలాడువారు వచ్చినచో వినుటకు ఆ ఇండ్లవారికి అభ్యంతరము ఉండదనియే నా నమ్మకము.

చూడదలచినవారు వానలు లేని దినములలో పోవుట మంచిది. దర్గాయొద్ద నుండి కాలీ మసీదు త్రోవ అడిగిన చూపుదురు. అచ్చటినుండి కోట్ ఎంతో దూరము లేదు. తిలంగానీ అను పేరు అందరికి తెలియకపోవచ్చును, ఎనిమిది మూలల గుమ్మటమని అడుగవలెను. అవి కాపురములున్న ఇండ్లు కనుక తలుపుతట్టి, అనుమతి పొంది, లోనికి పోవలెను.